బైలా మార్చే పవర్ ఎవరిది? చైర్మన్‌దా.. సర్కారుదా.. సభ్యులదా? చీపురుపల్లి పాల రైతు నుంచి సుప్రీంకోర్టు దాకా అసలు లెక్క ఇదీ!

చీపురుపల్లి: తెల్లారకముందే పాల కేంద్రం దగ్గర క్యాన్ల చప్పుడు. కొలత, వెన్న శాతం, చేతికో చీటీ.. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ హడావుడిలో ఓ రోజు చీటీతో పాటు ఓ పుస్తకం కూడా ముందుకొచ్చిందనుకుందాం. "మీటింగ్ పుస్తకం బావా, ఇక్కడో సంతకం పెట్టెయ్" అన్నారు. రైతు పెట్టేశాడు. వెనకాల ఉన్నాయనకు సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. పేజీ పైన ఏం రాసుందో ఇద్దరూ చూడలేదు.

అక్కడ రాసి ఉన్నది ఒక్క లైనే అయితే? 'బైలా సవరణను సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని ఉంటే?

ఇది ఊహే. కానీ ఆ ఒక్క లైనుకి ఉన్న బలం ఊహ కాదు. ఏడాదిలో ఎన్ని రోజులు పాలు పోస్తే ఓటు హక్కు ఉంటుంది? పాలకవర్గానికి ఎవరు పోటీ చేయొచ్చు? లాభం వస్తే బోనస్‌గా ఎంత పంచాలి, రిజర్వులో ఎంత ఉంచాలి? ఇవన్నీ ఉండేది బైలాలోనే. ఎన్నికల్లో ఓడించడం కష్టమైన మనిషిని అసలు పోటీకే అర్హత లేకుండా చేయడానికి బైలాలో ఒక్క సవరణ చాలు. అందుకే సంఘాల్లో గొడవ మొదలైందంటే చివరికి తిరిగి తిరిగి బైలా దగ్గరకే వస్తుంది.

మరి దాన్ని మార్చే అధికారం ఎవరిది?

ఒక్క మాటలో చెప్పాలంటే సభ్యులది. చైర్మన్ ప్రతిపాదించొచ్చు, పాలకవర్గం అజెండాలో పెట్టొచ్చు, అధికారి రిజిస్టర్ చేయొచ్చు. మార్చాలా వద్దా అని తేల్చేది మాత్రం సభ్యుల సమావేశమే. పాత సహకార సంఘాల భాషలో మహాజన సభ. అయితే ఈ జవాబుకి ఓ మెలిక ఉంది. మీ సంస్థ ఏ చట్టం కింద రిజిస్టర్ అయిందన్నదాన్ని బట్టి ఆ అధికారం గట్టిగానూ ఉండొచ్చు, పేరుకి మాత్రమే మిగలొచ్చు కూడా. ఈ మెలిక తెలియాలంటే మన పాల సంఘాల కథే చూడాలి.

ఒకే పాలు.. రెండు చట్టాలు

ఆంధ్రప్రదేశ్‌లో సహకార సంఘాలకు రెండు చట్టాలున్నాయి. మొదటిది 1964 నాటి సహకార సంఘాల చట్టం. దీని కింద సంఘం బైలా మార్చుకోవాలంటే సభ్యులు తీర్మానం చేసినంత మాత్రాన సరిపోదు. సహకార శాఖ రిజిస్ట్రార్ దాన్ని రిజిస్టర్ చేసేదాకా ఆ సవరణ చెల్లదు. అక్కడితో ఆగితే ఫర్వాలేదు. సంఘం ప్రయోజనం కోసం ఫలానా సవరణ అవసరం అని రిజిస్ట్రార్ అనుకుంటే, చేయమని సంఘానికే ఆదేశం ఇవ్వొచ్చు. సంఘం చేయకపోతే వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చి, ఆయనే ఆ సవరణను రిజిస్టర్ చేసేయొచ్చు. అంటే ఇంటి తాళం మన దగ్గరే ఉన్నా, మారు తాళం సర్కారు దగ్గర కూడా ఉందన్నమాట.

రెండోది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. జనం నోట్లో 'మ్యాక్స్' చట్టం. సర్కారు వాటా ధనం తీసుకోకుండా, సొంత డబ్బుతో నడిచే సంఘాలకు స్వేచ్ఛ ఇవ్వాలన్నది దీని ఉద్దేశం. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఇందులో బైలా సభ్యుల సొంత సొత్తు. రిజిస్ట్రార్ చూడాల్సింది అది చట్టానికి విరుద్ధంగా ఉందా లేదా అన్నదే. ఇలా మార్చండి అని చెప్పే పాత పెత్తనం లేదు.

దాంతో చాలా పాల యూనియన్లు కొత్త చట్టం కిందకు మారిపోయాయి. ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిన విశాఖ డెయిరీ కూడా 1999లో ఈ చట్టం కిందకు వచ్చింది. ఆ తర్వాత 2006లో ఏకంగా కంపెనీ చట్టం కింద పాల ఉత్పత్తిదారుల కంపెనీగా మారింది. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

2006లో ఏం జరిగింది?

అదే 2006లో రాష్ట్ర ప్రభుత్వం ముందు ఆర్డినెన్స్, ఆ వెంటనే చట్ట సవరణ తెచ్చింది. దాని సారాంశం ఇదీ.. పాల సంఘాలు ఇకపై 1995 చట్టంలో ఉండవు. ఇకపై మాత్రమే కాదు, 1995 నుంచీ అసలు అందులో లేనట్టే లెక్క. అన్నీ 1964 చట్టం కింద ఉన్నట్టే భావించాలి.

ఒకసారి ఆలోచించండి. పదేళ్లుగా ఓ సంఘం సొంతంగా సమావేశాలు పెట్టుకుంది. సొంతంగా బైలా రాసుకుంది, ఎన్నికలు జరుపుకుంది. ఓ రోజు పొద్దున్నే పేపర్ తీస్తే, ఆ పదేళ్లూ మీరు వేరే చట్టంలో ఉన్నారు అని ఉంది. బైలాలో ఒక్క అక్షరం మార్చడానికి కూడా సభ్యుల సమావేశం కావాలి కదా.. ఇక్కడ ఒక్క సమావేశం లేకుండా బైలా నిలబడిన నేలనే తీసేశారు.

గ్రామంలో సంఘం, జిల్లాలో యూనియన్, రాష్ట్రంలో ఫెడరేషన్ అనే మూడంచెల వ్యవస్థను కాపాడాలన్నది సర్కారు వాదన. అందులో అసలు విషయం లేదని అనలేం. పాల కర్మాగారాలు, చల్లబరిచే కేంద్రాలు ఒకప్పుడు ప్రజాధనంతో కట్టినవే. వాటిని వాడుకుంటూ జవాబుదారీ లేకుండా పోతే ఎలా అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి ఎంచుకున్న దారి కోర్టులో నిలవలేదు.

హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. డెయిరీ ఫెడరేషన్, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2011 సెప్టెంబరు 2న జస్టిస్ సదాశివం, జస్టిస్ బీఎస్ చౌహాన్ ధర్మాసనం కూడా సంఘాల వైపే నిలిచింది. సహకారం అంటేనే సభ్యులు ఇష్టపడి కలవడం అని, ఒక చట్టాన్ని ఎంచుకుని అందులో చేరిన వాళ్లను వాళ్ల ఇష్టంతో పని లేకుండా ఇంకో చట్టంలోకి తోయడం కుదరదని తీర్పు సారాంశం. రాజ్యాంగంలోని 14వ అధికరణ, సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చే 19వ అధికరణ.. రెండింటికీ ఆ సవరణ విరుద్ధమని తేల్చింది.

సర్కారుకు పాల డెయిరీల మీద చూపు అక్కడితో పోలేదు. 2021 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా సంగం డెయిరీ యాజమాన్యాన్ని ఫెడరేషన్‌కు అప్పగిస్తూ జీవో వచ్చింది. తర్వాతి నెలలోనే హైకోర్టులో ఆ జీవోకు ఎదురుదెబ్బ తగిలింది.

ఢిల్లీ పంపిన బైలా.. పల్లెలో ఎవరు ఓకే అనాలి?

పాల సంఘం సంగతి అలా ఉంటే, ఎరువులకు, పంట రుణానికి రైతు వెళ్లే ప్రాథమిక సహకార పరపతి సంఘం.. అదే సొసైటీ సంగతి వేరు. 2023 జనవరిలో కేంద్ర సహకార శాఖ దేశంలోని సొసైటీలన్నిటికీ కలిపి ఓ నమూనా బైలా తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. ఇకపై సొసైటీ అంటే అప్పు, ఎరువు మాత్రమే కాదు. గోదాములు, పెట్రోల్ బంకులు, గ్యాస్ ఏజెన్సీలు, పాల సేకరణ ఇలా పాతికకు పైగా వ్యాపారాలు చేసుకోవచ్చన్నది అందులో ముఖ్యాంశం.

ఇక్కడ 'నమూనా' అన్న మాటే కీలకం. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని అంశం. 97వ రాజ్యాంగ సవరణతో పార్లమెంటు ఇందులో వేలు పెట్టాలని చూస్తే, రాష్ట్రాల ఆమోదం లేకుండా చేశారంటూ 2021 జులై 20న సుప్రీంకోర్టు రాష్ట్ర సంఘాలకు సంబంధించిన భాగాన్ని కొట్టేసింది. కాబట్టి ఢిల్లీ నుంచి వచ్చిన కాగితం దానంతటదే చీపురుపల్లి మండలంలోని ఏ సొసైటీకీ బైలా అయిపోదు. రాష్ట్రం ఒప్పుకోవాలి. సంఘం తన తీర్మానంతో దాన్ని తీసుకోవాలి. రిజిస్ట్రార్ రిజిస్టర్ చేయాలి.

చదవడానికి బాగానే ఉంది. కానీ సంఘం తీర్మానం అంటే ఎవరి తీర్మానం? మన రాష్ట్రంలో సొసైటీలకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరాక పర్సన్ ఇన్‌చార్జిలు, నామినేటెడ్ త్రిసభ్య కమిటీలు వచ్చాయి. ప్రభుత్వం మారితే కమిటీలో పేర్లు మారతాయి. రైతు ఓటుతో రాని కమిటీ మహాజన సభ పిలిచి, రైతు పేరుతో బైలా మారిస్తే చట్టం లెక్కలో అది సరైనదే కావొచ్చు. అయితే ఆ సభలో ఎంతమంది కూర్చున్నారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది.

గరివిడి ఫ్యాక్టరీకి వేరే రూలు

చీపురుపల్లి నుంచి కూతవేటు దూరంలో గరివిడి. అక్కడి శ్రీరామనగర్‌లో ఫేకర్ ఫ్యాక్టరీ ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లుండరు. ఫేకర్ అంటే ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్. 1955లో పుట్టిన కంపెనీ. పేరులో కార్పొరేషన్ ఉన్నా ఇది మున్సిపాలిటీ కాదు, సర్కారు సంస్థా కాదు. ప్రైవేటు వాటాదారుల కంపెనీ. తర్వాత విభజన జరిగి గరివిడి ప్లాంటు ఫేకర్ అల్లాయ్స్ అనే విడి కంపెనీ కిందకు వచ్చింది.

ఇలాంటి కంపెనీలకు బైలా అన్న పేరు వాడరు. ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్ అంటారు. పని అదే. 2013 కంపెనీల చట్టం 14వ సెక్షన్ ప్రకారం దీన్ని మార్చాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. వ్యతిరేకంగా పడిన ఓట్లకు అనుకూల ఓట్లు కనీసం మూడు రెట్లు ఉండాలి. అంటే వేసిన ఓట్లలో నాలుగింట మూడొంతులు. 21 రోజుల ముందు నోటీసు, అందులో ఏం మారుస్తున్నారో వివరం తప్పనిసరి. డైరెక్టర్లు నలుగురు గదిలో కూర్చుని మార్చేస్తే చెల్లదు.

సహకార సంఘానికీ కంపెనీకీ అసలు తేడా ఇక్కడే. సంఘంలో పది గేదెలున్నా ఒక గేదె ఉన్నా మనిషికి ఒకటే ఓటు. కంపెనీలో ఎన్ని వాటాలుంటే అన్ని ఓట్లు. 75 శాతం వాటా ఒకే కుటుంబం చేతిలో ఉంటే, 'వాటాదారులు నిర్ణయిస్తారు' అంటే ఆ కుటుంబం భోజనాల బల్ల దగ్గర నిర్ణయమవుతుందని అర్థం. అలా పెద్దవాటాదారులు చిన్నవాళ్లను తొక్కేస్తున్నారనిపిస్తే కనీసం వంద మంది సభ్యులు లేదా మొత్తం సభ్యుల్లో పదో వంతు, లేదంటే పదో వంతు వాటా ఉన్నవాళ్లు కలిసి కంపెనీ లా ట్రిబ్యునల్ గడప తొక్కొచ్చు.

ఇంకో వింత కూడా ఉంది. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే వాటాదారుల ఓటుతోనే పని ఉండదు. కొనుక్కునేవాళ్ల ప్రణాళికను ట్రిబ్యునల్ ఆమోదిస్తే, అందులో ఆర్టికల్స్ మార్పు ఉన్నా వాటాదారులు ఒప్పుకున్నట్టే చట్టం లెక్కేస్తుంది. మాతృ సంస్థ ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ అలా దివాలా ప్రక్రియ ద్వారానే 2020లో వేదాంత గ్రూపు చేతికి వెళ్లింది. గరివిడి ప్లాంటు అప్పటికే విడి కంపెనీ కాబట్టి ఆ అమ్మకంలో లేదు.

పాల కంపెనీలో 'మూడో వంతు' కొండ

ఇప్పుడు విశాఖ డెయిరీ లాంటి ఉత్పత్తిదారుల కంపెనీల దగ్గరకు వద్దాం. ఇవి సగం సహకార సంఘం, సగం కంపెనీ. సభ్యులంతా వ్యక్తులే అయితే మనిషికి ఒక ఓటు. సంఘాలే సభ్యులుగా ఉంటే అంతకుముందు ఏడాది చేసిన వ్యాపారాన్ని బట్టి ఓటు ఇవ్వొచ్చు. ఆర్టికల్స్ మార్చడానికి ప్రత్యేక తీర్మానం ఇక్కడా కావాల్సిందే.

కానీ అసలు తలుపు ఆ ముందే ఉంది. ఈ సవరణను ఎవరు పడితే వాళ్లు ప్రతిపాదించలేరు. ఎన్నికైన డైరెక్టర్లలో మూడింట రెండొంతులు ప్రతిపాదించాలి. లేదా మొత్తం సభ్యుల్లో కనీసం మూడో వంతు కలిసి ప్రతిపాదించాలి. పది మంది డైరెక్టర్లుంటే ఏడుగురు ఓ కారులో కాకపోతే రెండు కార్లలో వచ్చి సంతకాలు పెట్టేస్తారు. అదే తొమ్మిది వేల మంది సభ్యులుంటే? మూడు వేల సంతకాలు. ఊరూరా తిరగాలి. పాలు పిండే వేళ, పొలం పని వేళ చూసుకుని గుమ్మం గుమ్మం ఎక్కాలి. కాగితం మీద రెండు దారులున్నాయి. నడవగలిగేది ఎక్కువగా ఒక్కటే.

సభ్యులకు మిగిలిన ఆయుధం కోరం. ఉత్పత్తిదారుల కంపెనీ సమావేశానికి మొత్తం సభ్యుల్లో కనీసం నాలుగో వంతు ఉండాలి. నోటీసు కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. పాల కేంద్రం దగ్గర పుస్తకంలో సంతకాలు అంత అవసరం ఎందుకు పడతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ సంతకాలే కోరం.

ఆర్టీసీ, మున్సిపల్ కార్పొరేషన్.. ఇక్కడ సభ్యులే ఉండరు

కార్పొరేషన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆర్టీసీ బస్సు లేదా విజయనగరం నగరపాలక సంస్థ. వీటి లెక్క వేరు. ఆర్టీసీ 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద నడుస్తుంది. సంస్థ తన రెగ్యులేషన్లు తానే చేసుకోవచ్చు, కానీ రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు అనుమతితోనే. నగరపాలక సంస్థల్లో అయితే కమిషనర్ ముసాయిదా పెడతారు. జనం అభ్యంతరాలు విని కౌన్సిల్ ఓకే చెప్పాలి. ఆపై ప్రభుత్వం ఖరారు చేయాలి. మనం 'బిల్డింగ్ బైలాస్' అని పిలిచేవి మాత్రం ఏపీలో బైలాలే కావు. 2017లో ప్రభుత్వమే జీవోతో ఇచ్చిన బిల్డింగ్ రూల్స్ అవి. వాటిని మార్చే అధికారం మేయర్‌కు లేదు.

ఇక క్రికెట్ అభిమానుల కోసం ఓ మాట. బీసీసీఐ నియమావళిలో సవరణకు నాలుగింట మూడొంతుల సభ్య సంఘాలు ఒప్పుకున్నా, సుప్రీంకోర్టు అనుమతి లేకుండా అది అమల్లోకి రాదని 2018 నాటి నియమావళిలోనే రాసుంది. అందుకే పదవుల మధ్య విరామం నిబంధన మార్చుకోవడానికి బోర్డు 2022 సెప్టెంబరులో కోర్టు మెట్లెక్కి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఇందుకు పూర్తిగా రివర్స్. కంపెనీ వ్యవస్థాపక పత్రంలో ఒక్క మాట రాసుకుంటే చాలు, బైలా మార్చే అధికారం డైరెక్టర్లకు కూడా వచ్చేస్తుంది. వాటాదారుల అధికారం మాత్రం అలాగే ఉంటుంది.

బైలా అంటే చట్టమా?

కాదు. ఇది తేలింది కూడా మన తెలుగు నేల మీది కేసులోనే. ఆంధ్రప్రదేశ్‌లోని సహకార కేంద్ర బ్యాంకులకూ ఉద్యోగులకూ జీతాలు, సర్వీసు నిబంధనల మీద వివాదం వచ్చింది. అవి మా బైలాలో ఉన్నాయి, బైలా అంటే చట్టమే, కాబట్టి పారిశ్రామిక ట్రిబ్యునల్ వాటి జోలికి రాకూడదు అని బ్యాంకులు వాదించాయి. 1969లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బైలా అనేది కంపెనీ ఆర్టికల్స్ లాంటిది, సభ్యులను కట్టిపడేస్తుంది తప్ప దానికి చట్టం బలం లేదని చెప్పింది. చట్టం పైన, రూల్స్ దాని కింద, బైలా అన్నిటికంటే కింద. కింది మెట్టు మీద ఉన్న బైలాలో పై మెట్టుకు విరుద్ధంగా ఏం రాసుకున్నా చెల్లదు.

మరి అనుమానం వస్తే ఏం చేయాలి?

ముందు మీ సంఘం ఏ చట్టం కింద ఉందో చూసుకోవాలి. పాస్‌బుక్ మీదో, లెటర్‌హెడ్ మీదో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. పేరులో 'పరస్పర సహాయ' అని ఉంటే 1995 చట్టం. 'ప్రొడ్యూసర్ కంపెనీ' అనో 'ఉత్పత్తిదారుల కంపెనీ' అనో ఉంటే కంపెనీల చట్టం. రెండూ లేకపోతే ఎక్కువగా 1964 చట్టం.

బైలా కాపీ సంఘమే ఇవ్వాలి. ఇవ్వకపోతే? సహకార సంఘాలన్నీ సమాచార హక్కు చట్టం కిందకు రావని 2013లో కేరళకు చెందిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని చూపించి కొన్ని సంఘాలు దరఖాస్తును తిప్పి పంపేస్తాయి. అయితే అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. రిజిస్ట్రార్ ప్రభుత్వ అధికారి కాబట్టి, చట్టం ప్రకారం ఆయన తెప్పించుకోగలిగిన సమాచారాన్ని ఆయన్నే అడగొచ్చు. కాబట్టి దరఖాస్తు సంఘానికి కాకుండా విజయనగరంలోని జిల్లా సహకార అధికారి కార్యాలయానికి పెట్టాలి. సవరణ ఎప్పుడు రిజిస్టర్ అయింది, దానికి జత చేసిన మహాజన సభ తీర్మానం ఏంటి, హాజరు పట్టికలో ఎవరి సంతకాలున్నాయి.. ఈ మూడూ అడిగితే చాలావరకు కథ బయటపడుతుంది.

కంపెనీ అయితే ఇంకా తేలిక. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వంద రూపాయలు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలు ఎవరైనా చూడొచ్చు. సభ్యుడే అయ్యుండక్కర్లేదు. ఆర్టికల్స్ ఎప్పుడు మారాయి, ఏ తేదీన సమావేశం జరిగిందని చెప్పారు అన్నది అందులోనే ఉంటుంది. ఆ తేదీన మీరు ఎక్కడున్నారో గుర్తు చేసుకోవడం ఒక్కటే మిగిలిన పని.